కార్పొరేటర్ సారు రాత్రి బడి: యాదికున్నది యాదికున్నట్టు రాయున్రి

రాంనగర్_రవ్వదోశ
శనివారం, రాత్రి 9:12

మా బస్తీ పాత కార్పొరేటర్ సారు పోయి వచ్చే నెలకు ఏడాది. అడిక్‌మెట్, రాంనగర్, ముషీరాబాద్ దిక్కు పెరిగినోళ్లకు ఎవరి గురించి అడుగుతున్ననో తెలిసే ఉంటది. సంవత్సరీకం నాడు కమ్యూనిటీ హాల్ల చిన్న సభ ఉంది. దానికి ఒక పల్చటి పుస్తకం తీద్దామని మా దోస్తులం అనుకున్నం. ఇంట్లోళ్లు ఒక్కటే షరతు పెట్టిన్రు, నెట్ల పేర్లు పెట్టొద్దని. అందుకే ఇక్కడ సారు అంటే చాలు.

పోయినప్పుడు పేపర్ జిల్లా పేజీల వచ్చిన ముక్క నా దగ్గర ఉంది. "నిరాడంబరుడు, పేదల పెన్నిధి" అట. గా మాట ఎవరికైనా అతుకుతది. రాత్రి బడి ఎట్ల నడిచింది, ఎవరెవరు చదువుకున్నరు, కార్పొరేషన్ల ఏం కొట్లాడిండు, ఎక్కడ చేతులెత్తేసిండు, గివి కావాలె. తిట్లు కూడా నడుస్తయి. పెద్దోళ్లు మొదలుపెట్టున్రి.

మిల్లు_గేటు
శనివారం, రాత్రి 10:05

తమ్మీ, కార్పొరేటర్ అయినంక బడి పెట్టలే ఆయన. బడి ఉంది కాబట్టే కార్పొరేటర్ అయిండు. ముందు గది రాసుకో.

నల్గొండ దిక్కు ఊరు ఆయనది. అప్పట్ల సిటీల నడిచిన ఒక బట్టల మిల్లుల టైమ్ కీపర్. ఏ మిల్లన్నది ఇప్పుడెందుకులే, గేటుకు తాళం పడి చానా ఏండ్లయింది. నేను స్పిన్నింగ్ ఖాతాల బద్లీ కార్మికుణ్ని. జీతం రోజు కిటికీ కాడ లైన్ కడితే రిజిస్టర్ పక్కన ఊదా రంగు స్టాంపు ప్యాడ్ ఉండేది. బొటనవేలు అద్దుడు, పైసలు తీసుకునుడు, వేలు లుంగీకి తుడుసుకునుడు. సారు మాత్రం రిజిస్టర్ మా దిక్కు తిప్పి పెట్టేటోడు. "ఎన్ని హాజర్లు పడ్డయో చూసుకో" అనేటోడు. ఏం చూస్తం? అన్నీ నల్ల గీతలే.

మా ఖాతాల ఒకాయన అడ్వాన్సు మొత్తం తీర్చినంక కూడా నెలనెలా కోత పడుతనే ఉండె. అడిగితే కాగితం చూపిచ్చిన్రు. కింద ఆయన వేలిముద్రే. ఆ సాయంత్రం సారు సైకిల్ స్టాండ్ల కూసొని "రేపటి సంది ఇక్కడ్నే" అన్నడు. రెండో షిఫ్టు దిగినోళ్లకు రాత్రి పదకొండు దాటినంక, షిఫ్టు ఎక్కేటోళ్లకు గంట ముందు.

అ అమ్మ, ఆ ఆవు లేదు. మొదలు ఎవని పేరు వాడు రాసుడు. తర్వాత అంకెలు. మూడోది మూడు మాటలు: హాజరు, కోత, బాకీ. పలకలు ఎక్కడియి, పనికిరాని అట్టముక్కలు, సుద్ద. యూనియనోళ్లు కూడా మొదట్ల అనుమానంగ చూసిన్రు, ఈయన ఏ జెండాకు మనుషులను పోగేస్తున్నడని.

మా బ్యాచ్ల ఒకాయన అట్ల మొదలుపెట్టి, బడి మెట్టు ఎన్నడూ ఎక్కకుండనే సార్వత్రిక విశ్వవిద్యాలయం అర్హత పరీక్ష రాసి బీఏ చేసిండు. సర్టిఫికెట్ లేనోళ్లకు గా దారి ఒకటి ఉండె అప్పట్ల.

పుస్తకాల_పురుగు_1901
ఆదివారం, ఉదయం 6:48

మంచి పని తలపెట్టారు నాయనా. పుస్తకంలో కాలక్రమం తప్పకుండా కొన్ని సంగతులు చెబుతాను, ఎంతవరకు వాడుకుంటారో మీ ఇష్టం.

మిల్లు_గేటు గారు చెప్పిన సైకిల్ స్టాండు బడి కమ్యూనిటీ హాలుకు ఎలా చేరిందంటే, హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్‌లో 1967లో అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రాజెక్టు మొదలైంది. జనం యూసీడీ అనేవారు. తర్వాత దానికి యూనిసెఫ్ సాయం కూడా దొరికింది. బస్తీల్లో బాల్వాడీలు, కుట్టు కేంద్రాలు, వయోజన విద్య, ఇవన్నీ దాని కిందివే. మన హాలు కూడా ఆ రోజులదే. స్థలం చూపించి, తలా కొంత వేసుకుని, పని చేసిపెట్టి కట్టుకున్నారు బస్తీవాళ్లు. సారు వాలంటీరుగా ఆ మీటింగులకు వెళ్లేవారు.

తర్వాత 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం వచ్చింది. 15 నుంచి 35 ఏళ్ల వాళ్లు పది కోట్ల మందికి ఐదేళ్లలో చదువు చెప్పాలని లక్ష్యం. ఒక్కో కేంద్రానికి ముప్పై మంది, పది నెలల కోర్సు. సారు బడికి అప్పుడే మొదటిసారి లాంతర్లు, పలకలు, వాచకాలు వచ్చాయి. ఢిల్లీలో ప్రభుత్వం మారాక ఆ ఊపు తగ్గింది. 1988 మే 5న జాతీయ సాక్షరతా మిషన్ పేరుతో మళ్లీ కదిలింది. 2009లో సాక్షర భారత్ వచ్చింది గానీ, స్త్రీల అక్షరాస్యత తక్కువున్న జిల్లాల్లోని పల్లెలకే అది పరిమితం, హైదరాబాద్ నగరం అందులో లేదు. అంటే సర్కారు డబ్బు వచ్చినప్పుడూ రానప్పుడూ కూడా ఆ హాల్లో దీపం వెలిగిందన్నమాట. ఎవరి డబ్బుతో అన్నది విచారించి రాయండి.

ఇంకో మాట. మన నగరానికి చదువు చెప్పే కార్పొరేటర్లు కొత్త కాదు. 1951లో హైదరాబాద్ కార్పొరేషన్‌కు మొదటి మేయరు ఎవరు? మాడపాటి హనుమంతరావు పంతులు గారు. ఆయన అంతకు ముందే 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో ఆడపిల్లల బడి పెట్టినవారు. ఇంకా వెనక్కి వెళితే భాగ్యరెడ్డి వర్మ గారు 1910లో ఇసామియా బజారులో మొదలుపెట్టి దళిత పిల్లలకు వరసగా బడులు నడిపారు. ఊరు కట్టడం, చదువు చెప్పడం ఒకే పని అనుకున్న మనుషులు వాళ్లు. సారును ఆ వరసలో కూర్చోబెట్టమని నేను అనను. ఆ వరస ఉందని పుస్తకంలో ఒక్క పేరా ఉంటే బాగుంటుంది.

నల్లకుంట_నివాసి
ఆదివారం, ఉదయం 10:31

తిట్లు కూడా నడుస్తాయన్నారు కాబట్టి రాస్తున్నాను.

2002 నుంచి 2007 దాకా ఆయన మా కార్పొరేటర్. మా వీధిలో లైట్లు వెలగట్లేదని సాయంత్రం ఇంటికి వెళితే ఉండేవారు కాదు. ఎనిమిదింటి నుంచి తొమ్మిదిన్నర దాకా బడి. హాలుకు వెళితే "కూర్చోండి, వీళ్ల పని అయిపోనివ్వండి" అనేవారు. చదువు రాని వాళ్ల పక్కన బెంచీ మీద అరగంట కూర్చోబెట్టి, తర్వాత "అర్జీ మీరే రాసుకొచ్చుంటే పని తొందరగా అయ్యేది కదా, చదువుకున్నవారు" అన్నారు నాతో. లైట్లు వెలిగాయి, అది కాదు గొడవ. నేను ఇంటి పన్ను కట్టే మనిషిని, నాకు ఆయన ఇచ్చిన మర్యాద అది.

ఇక నాలా, అంటే వాననీళ్ల కాలువ సంగతి. గట్టు మీద గుడిసెలు వేసుకున్నవాళ్లకు తన లెటర్‌హెడ్ మీద "ఇక్కడే నివాసం ఉంటున్నారు" అని రాసిచ్చారు. ఆ కాగితంతో రేషన్ కార్డు, దాంతో కరెంటు మీటరు, దాంతో ఇంటి నంబరు. నాలా సగం అయింది. వానొస్తే నీళ్లు ఎవరి ఇళ్లలోకి వస్తున్నాయో చూసుకోండి.

మూడోది. 2009లో డివిజన్ మహిళలకు రిజర్వ్ అయితే ఎవరిని నిలబెట్టారు? సొంత కోడల్ని. రాత్రి బడిలో అంతమంది ఆడవాళ్లకు చదువు చెప్పిన పెద్దమనిషికి బస్తీలో ఇంకో ఆడమనిషి కనిపించలేదా?

అసలు మాట, ఆ బడి ఓటు బ్యాంకు. హాజరు పట్టీకి, ఓటరు లిస్టుకు పెద్ద తేడా లేదు.

చిలకలగూడ_చాయ్
ఆదివారం, ఉదయం 11:02

నాలా అంటే యాదికొచ్చింది. 2000 ఆగస్టుల సిటీ మొత్తం మునిగినప్పుడు ఈ కార్పొరేటర్ ఏడున్నడట?

పుస్తకాల_పురుగు_1901
ఆదివారం, ఉదయం 11:20

2000లో నగరానికి ఏ కార్పొరేటరూ లేడండీ. 1986లో ఎన్నికైన పాలకవర్గం గడువు 1991తో తీరింది. మళ్లీ ఎన్నికలు 2002లోనే. మధ్యలో అంతా ప్రత్యేకాధికారుల పాలన. వార్డుకు సంతకం పెట్టే మనిషి లేకుండా ఈ మహానగరం పదకొండేళ్లు గడిపింది. రాజ్యాంగానికి 74వ సవరణ వచ్చి, పట్టణాలకు స్వపరిపాలన అని దేశమంతా మాట్లాడుకున్నది కూడా ఆ ఏళ్లలోనే, చూడండి చిత్రం.

మిల్లు_గేటు
ఆదివారం, మధ్యాహ్నం 12:15

గా పదకొండేండ్లు కూడా మేము ఆయనను కార్పొరేటర్ సారు అనే పిలిచినం. కుర్సీ లేదు, లెటర్‌హెడ్ చెల్లదు, మిల్లు మూతపడ్డది. మరి ఏం చేసేటోడు? అర్జీలు రాయించేటోడు. తాను రాసిచ్చుడు కాదు, వచ్చినోళ్లతోని రాయించుడు. "గౌరవనీయులైన కమిషనర్ గారికి" అన్న ఒక్క లైన్ బోర్డు మీద నెలల తరబడి ఉండిపోయింది, తుడిసినా మరక పోలే. ఆ లైన్ల గుడులు, కొమ్ములు, దీర్ఘాలు చానా వరకు వస్తయి, నేర్పనీకి బాగుంటదని అనేటోడు.

2000 వరదల గల్లీలకు నీళ్లొచ్చినప్పుడు నష్టపరిహారం ఫారాలు మా బస్తీల ఎవరివి వాళ్లే నింపుకున్నరు. పక్క బస్తీల ఫారానికి ఇంత అని తీసుకొని నింపిచ్చిన దళారులు ఉండిరి.

భోలక్‌పూర్_భాయ్
ఆదివారం, మధ్యాహ్నం 3:40

సలాం అందరికీ. నా తెలుగు కొంచెం అటూ ఇటూ ఉంటది, సర్దుకోండి.

మా గల్లీలో ఆడవాళ్లకి తెలుగు క్లాస్ అంటే రాలేదు. సార్ ఒక్కసారి అడిగిండు మా అమ్మీని, "ఎందుకు రావమ్మా" అని. అమ్మీ చెప్పింది, ముందు నా ఖురాన్ పక్కన పెట్టుకునే కితాబ్ చదవాలె, మా అన్నయ్య దుబాయ్ నుంచి రాసిన ఖత్ చదవాలె, తెలుగు తర్వాత చూస్తా. సార్‌కి ఉర్దూ మాట్లాడటం బ్రహ్మాండంగా వచ్చు, రాయటం అంతగా రాదు. అప్పుడు ఏం చేసిండంటే మా మొహల్లాలో ఇంటర్ చదివిన ఒక ఆపాని పట్టుకొచ్చి, పగలు రెండున్నరకి ఉర్దూ క్లాస్ పెట్టించిండు. హాల్లో కాదు, ఒక ఇంటి దలాన్‌లో. మగవాళ్లు ఎవ్వరూ అటు పోవద్దని ఆర్డర్. తను కూడా గేటు దాటలేదు, చాక్‌పీస్ డబ్బా బయట పెట్టి పోయేవాడు.

ఆబిద్ అలీ ఖాన్ ఎడ్యుకేషనల్ ట్రస్ట్ వాళ్లు ఉర్దూదానీ, జబాన్‌దానీ, ఇన్షా అని ఇంతిహాన్లు పెడతారు కదా, అమ్మీ మొదటి రెండూ పాస్. సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించి కాబా ఫొటో కింద పెట్టుకుంది. తరువాతనే తెలుగు క్లాస్‌కి వచ్చింది, కరెంటు బిల్లు కోసం. బిల్లు తెలుగులో, ఇంగ్లీష్‌లో ఉంటది కదా.

నల్లకుంట సాబ్, ఓట్ బ్యాంక్ అన్నారు. మా గల్లీ 1986లోనూ 2002లోనూ సార్ పార్టీకి ఓటు వేయలేదు. ఎవరికి వేసిందో మీకూ తెలుసు నాకూ తెలుసు. క్లాస్ మాత్రం ఆగలేదు.

నల్లకుంట_నివాసి
ఆదివారం, సాయంత్రం 4:18

భాయ్, మీ గల్లీ సంగతి ఒప్పుకుంటాను. నా ప్రశ్న మిగతా గల్లీల గురించి. ఎన్నికల ముందు రోజు కూడా క్లాసు పెట్టి, గుర్తు ఎక్కడుంటుందో నమూనా బ్యాలెట్ బోర్డు మీద గీసి చూపించారు. చూసినవాళ్లు చెప్పారు నాకు. అది పాఠమా, ప్రచారమా?

మిల్లు_గేటు
ఆదివారం, సాయంత్రం 5:02

1986 సంగతి అది, నేను అక్కడ్నే ఉన్న. బ్యాలెట్ గీసిండు, నిజమే. అన్ని గుర్తులూ గీసిండు, పోటీల ఉన్న ప్రతి ఒక్కరి పేరూ రాసి చదివిచ్చిండు. తన పేరు దగ్గరికి వచ్చేసరికి మా ముసలాయన ఒకాయన "ఇది నువ్వే గదా" అంటే అందరూ నవ్విన్రు. ప్రచారమా అంటే, ఉండొచ్చు. తన పేరు చదవనీకి వచ్చినోడు పక్కోని పేరు కూడా చదువుతడు గదా. 2009ల ఆయన కోడలికి గా బస్తీ ఓట్లే పడలే.

పాలమూరు_బిడ్డ
ఆదివారం, రాత్రి 8:26

మా అమ్మ గురించి రాస్త. పొడుగైతది, ఏమనుకోకున్రి.

మాది మహబూబ్‌నగర్ దిక్కు. కరువుకు సిటీకొచ్చినం. అమ్మ బిల్డింగ్ పనికి పోయేది, నాయన సెంట్రింగ్. పొద్దుగాల అడ్డా మీద నిలబడితే మేస్త్రి పిలుచుకపోయేది. ఒకనాడు పని ఒక దిక్కు, బస్సెక్కింది ఇంకో దిక్కు. తిరిగొచ్చేసరికి ఆ రోజు కూలి పాయె. రాత్రి బడికి పోవుడు గందుకే మొదలుపెట్టింది. సారు అమ్మకు నేర్పిన మొదటి మాట ఆమె పేరు, రెండోది కోఠి, తర్వాత అఫ్జల్‌గంజ్, సికింద్రాబాద్. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ కాడికి తీసుకపోయి బస్సులు నిలబడంగనే బోర్డు చదువుమనేటోడట. బస్సు కదిలేలోపు చదవాలె. అమ్మకు ప, వ, మ ఒక్క తీరుగనే కనిపిచ్చేటియి. ప నెత్తి మీద నోరు తెరుసుకొని ఉంటది, వ మూసుకొని ఉంటది అని చేత్తోని గీసి చూపిచ్చిండట. నాకు బడిల చెప్పలే ఇట్ల ఎవరూ.

అసలు ముచ్చట సీసీ రోడ్డుది. సారు రెండోసారి గెలిచినప్పుడు మా గల్లీకి సిమెంటు రోడ్డు సాంక్షన్ అయింది. పని కాడ బోర్డు పెట్టాలని సారు పట్టుబట్టిండు: పని పేరు, అంచనా మొత్తం, పొడవు, వెడల్పు, మందం, కాంట్రాక్టరు. అమ్మ పనినుంచి వచ్చేటప్పుడు చదివింది. మందం ఆరించులు అని ఉంది. ఆమె పొద్దంతా మాలు మోసే మనిషి, కండ్లతోనే కొలుస్తది. పోసిన కాడ అంచుకు సలాక గుచ్చి, దాని మీద బొటనవేలు పెట్టి బయటికి తీసింది. నాలుగించులు కూడా లేదు. ఇసుక ఎక్కువ, కంకర తక్కువ. మేస్త్రిని అడిగితే "నీకేం తెలుసు, పో" అన్నడు. అమ్మ బోర్డు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది, గల్లీ మొత్తం వినేటట్టు.

సారు వచ్చిండు. గమ్మత్తు ఏందంటే ఆ కాంట్రాక్టరు సారు పార్టీ మనిషే. ఇంటికి ఫోన్ల మీద ఫోన్లు. సారు రెండు రోజులు గల్లీల కనిపించలే, గది కూడా రాస్తున్న, అమ్మకు ఆ కోపం ఇప్పటికీ ఉంది. మూడో రోజు ఇంజినీరును తోలుకొచ్చి కొలిపిచ్చిండు. పని కొలతలు రాసే ఎం-బుక్ల ఎక్కనియ్యలే. పోసింది తవ్వి మళ్ల పోసిన్రు. గా రోడ్డు ఇయ్యాల్టికీ ఉంది, పైపు కోసం ఎవడో ఒకడు మధ్యల కోసిండు గానీ.

2005ల సమాచార హక్కు చట్టం వచ్చినంక బడిల అదొక పాఠం అయింది. పది రూపాయల ఫీజు, తెల్లకార్డు ఉంటే అదీ లేదు. మా చిన్నమ్మ రేషన్ షాపు స్టాక్ రిజిస్టర్ అడిగింది. ఓపెన్ స్కూల్ల పది పాసైంది కూడా ఆమెనే.

రాంనగర్_రవ్వదోశ
ఆదివారం, రాత్రి 8:50

అక్కా, ఇది పూర్తిగా పుస్తకంల పెడుత. సారు రెండు రోజులు కనిపించలేదన్న ముక్కతో సహా.

అక్షరం_వాలంటీర్
సోమవారం, ఉదయం 7:15

నేను నెల్లూరు దాన్ని. తొంభైల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో వాలంటీర్‌గా చేశాను. మా వాచకంలో, ఊళ్లో సారా కొట్టు మూయించిన సీతమ్మ కథ ఉండేది. అది చదివిన దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించడం, ఆ కదలిక జిల్లా దాటి రాష్ట్రమంతా పాకడం, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, ఇవన్నీ మీకు తెలిసినవే. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చి, సారు బడిలో కొన్నేళ్లు చెప్పాను. కాబట్టి రెండూ చూసినదాన్ని.

ఒక్క మాట ఎవరూ రాయట్లేదు. చేరినవాళ్లలో ఎక్కువమంది మధ్యలో మానేసేవాళ్లు. బోనాల నెల పోయేది, పెళ్లిళ్ల సీజన్‌లో హాలు ఖాళీ ఉండేది కాదు, వినాయక చవితికి మైకు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు కూర్చున్న చోటే నిద్రపోయేవాళ్లు. కళ్లజోడు లేక అక్షరం కనిపించక, ఆ మాట చెప్పుకోలేక మానేసిన నలభై దాటిన వాళ్లు బోలెడుమంది. సారు ఆ సంగతి చాలా ఆలస్యంగా కనిపెట్టి కంటి క్యాంపు పెట్టించారు. అది నాకు తెలిసి ఆ బడిలో జరిగిన అన్నిటికంటే తెలివైన పని.

నేర్చుకున్నవాళ్లు కూడా ఆరు నెలలు ఏమీ చదవకపోతే మర్చిపోతారు. సంతకం మిగులుతుంది, చదువు పోతుంది. సర్కారు లెక్కలో మాత్రం వాళ్లు అక్షరాస్యులే. 2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ జిల్లా అక్షరాస్యత 83.25 శాతం. ఏడేళ్లు దాటినవాళ్లలో ఆరుగురికి ఒకరు చదవలేరన్నమాట, అదీ ఇంటివాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకున్న లెక్క. సారు ఈ మర్చిపోవడానికి మందు ఒకటి పెట్టారు. హాలు అరుగు మీద రోజూ పేపరు వేయించి, పాత విద్యార్థుల్లో ఒకరు గట్టిగా చదవాలని వంతులు వేశారు. వినడానికి ముసలివాళ్లు వచ్చేవాళ్లు, తప్పు చదివితే దిద్దేవాళ్లు. కొన్నాళ్లు బాగా నడిచింది. తర్వాత అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి, వీడియోలకు అక్షరంతో పనిలేదు.

నల్లకుంట గారూ, కోడలి విషయంలో నేను మీ పక్షమే. ఆ అమ్మాయి మంచిదే, కానీ మా క్లాసులో పొదుపు సంఘం నడిపే ఆవిడ ఒకరు ఉండేవారు, లెక్కలు నోటికి చెప్పేవారు, అధికారుల ముందు నిలబడి మాట్లాడగలరు. టికెట్ ఆవిడకు అడగమని మేమంతా సారుతో అన్నాం. "పార్టీ ఒప్పుకోదమ్మా" అన్నారు. అడిగి చూశారా అంటే మాట మార్చారు.

చిలకలగూడ_చాయ్
సోమవారం, ఉదయం 9:30

అంటే చివరికి అందరి తీరే. నేను ముందే అనుకున్న.

మిల్లు_గేటు
సోమవారం, ఉదయం 9:44

అందరి తీరే అయితే నువ్వు మూడు రోజుల సంది ఈ ముచ్చట ఎందుకు చదువుతున్నవ్ తమ్మీ? ఎన్నికల ఓడినంక పదేండ్ల దాకా అదే హాల్ల, అదే బోర్డు కాడ చూసిన నేను ఆయనను. అప్పుడు అడుక్కోనీకి ఓటు లేదు, కుర్సీ లేదు. మోకాళ్లు లేవలేక కుర్చీల కూసొని చెప్పేటోడు, బోర్డు మీద ఇంకెవరో రాసేటోళ్లు. కోడలి విషయంల తప్పు చేసిండు, నేను ఆ రోజు మొహం మీదనే అన్న. మాట్లాడుకోలే మేము ఏడాది పాటు.

నల్లకుంట_నివాసి
సోమవారం, మధ్యాహ్నం 1:10

నాలా సంగతికి ఇప్పటిదాకా ఒక్కరూ జవాబు చెప్పలేదు.

భోలక్‌పూర్_భాయ్
సోమవారం, మధ్యాహ్నం 2:25

నేను చెప్తా సాబ్. ఆ కాగితం మా మామూకి కూడా రాసిచ్చిండు సార్. అడ్రస్ కాగితం లేకపోతే స్కూల్లో అడ్మిషన్ లేదు, దవాఖానలో కార్డ్ లేదు, గ్యాస్ లేదు. సార్ దగ్గరకి పోయినప్పుడు ఒక్కటే అడిగిండు, "వేరే జాగా చూపిస్తే పోతారా?" మామూ పోతా అన్నడు. జాగా ఎవరూ చూపించలేదు. ఇళ్లు మంజూరైనప్పుడు సిటీకి చానా దూరంలో వచ్చినయి, అక్కడ పని లేదు. మీ ఇంట్లోకి నీళ్లు వచ్చినయి, నిజమే. మామూ ఇంట్లోకి మీకంటే ముందు వచ్చినయి. నాలా కింద భాగంలో మూడంతస్తుల బిల్డింగ్‌లు కూడా ఉన్నయి, వాటికి కాగితం ఎవరు ఇచ్చిన్రో అది కూడా రాయండి.

నల్లకుంట_నివాసి
సోమవారం, మధ్యాహ్నం 2:58

ఆ బిల్డింగులకు అనుమతి ఇచ్చింది ఆయన కాదని నాకు తెలుసు. ఆపడానికి ఆయన ఏం చేశారన్నదే నా ప్రశ్న. రోడ్డు మందం కొలిపించిన మనిషి నాలా వెడల్పు ఎందుకు కొలిపించలేదు? కౌన్సిల్ మీటింగుల్లో ఈ నాలా మీద ఎన్నిసార్లు మాట్లాడారో మినిట్స్ తీయండి. సమాచార హక్కు కింద అడగండి, ఆయన నేర్పిందే కదా.

పుస్తకాల_పురుగు_1901
సోమవారం, సాయంత్రం 6:05

ఇది న్యాయమైన మాట. దరఖాస్తు నేను రాసి రేపే వేస్తాను. ముప్పై రోజుల గడువు కాబట్టి సభ నాటికి వస్తే వస్తుంది, లేకపోతే రెండో ముద్రణలో వేసుకోండి.

మోడరేటర్
సోమవారం, రాత్రి 7:30

రెండు వ్యాఖ్యలు తీసేశాను, పార్టీల పేర్లతో బూతులు ఉన్నాయి. ఇంకెవరైనా కోడలి గారి వ్యక్తిగత విషయాల్లోకి వెళితే తాళం వేస్తాను. మిగతా చర్చ కానివ్వండి.

రాంనగర్_రవ్వదోశ
సోమవారం, రాత్రి 9:20

డీటీపీ చేసే అన్నతోని మాట్లాడిన. మామూలు అక్షరంల అయితే ముప్పై రెండు పేజీలల్ల పడుతది. నల్లకుంట సార్, మీది ఒక పేజీ మీ మాటల్లనే వేస్తం, కత్తిరించం. భాయ్ జవాబు ఎదురు పేజీల. అక్షరం అక్క, కంటి క్యాంపు ముచ్చట ఇంకొంచెం విడమర్చి పంపున్రి.

అక్షరం_వాలంటీర్
సోమవారం, రాత్రి 9:41

పంపుతాను. కానీ మామూలు అక్షరం వద్దు. ఆ సభకు వచ్చేవాళ్లలో సగం మంది ఆ బడిలో చదివినవాళ్లు, అందరికీ యాభై అరవై దాటాయి. వాచకంలో ఉన్నంత అక్షరం వేయించు. లైనుకీ లైనుకీ మధ్య జాగా వదలమను, వత్తులు కింది లైనుకు తగలకూడదు. పేజీలు పెరిగితే పెరగనీ, పుస్తకం వాళ్లు చదవలేకపోతే ఇంకెందుకు?

నల్లకుంట_నివాసి
సోమవారం, రాత్రి 10:02

పెరిగిన పేజీల ఖర్చు నేను ఇస్తాను. నా పేజీలో ఒక్క అక్షరం మారినా ఊరుకోను, అది వేరే సంగతి.

పాలమూరు_బిడ్డ
సోమవారం, రాత్రి 10:15

అమ్మ తనది తానే రాస్తనంటున్నది. నోట్‌బుక్ల మొదలుపెట్టింది కూడా. తప్పులు దిద్దితే ఇయ్యనంటున్నది. ఫొటో తీసి వాట్సాప్ల పెట్టన్నా?

రాంనగర్_రవ్వదోశ
సోమవారం, రాత్రి 10:22

ఫొటో వద్దక్కా, ప్రింట్ల నల్లగ పడుతది. హాలు ఎదురుంగ జిరాక్స్ షాపు ఉంది గదా, స్కాన్ చేయించి మెయిల్ చెయ్యున్రి. శుక్రవారం లోపల.